అమ్మ ఉతికేసిన చొక్కా

ఉంజింటో, దక్షిణాఫ్రికా,
శనివారం.

అక్కకు నీ చెల్లెలు పద్మ నమస్కారాలు. ఇక్కడ అమ్మ, నాన్న, నేను బాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందా? మిరియాల పాలు కాచి ఇమ్మని హాస్టల్లో అడగడానికి మొహమాటపడుతున్నావేమో, నీ సంగతి నాకు తెలుసు.

కాకినాడలో మనిద్దరికీ గది చూశానని, కిటికీ పక్క మంచం నాదేనని రాశావు. డిసెంబరులో ఎప్పుడు వస్తున్నానో ఒక్క మాట చెప్పమన్నావు. చెబుతాను. ముందు నా చొక్కా గొడవ విను.

ఇక్కడ పన్నెండో తరగతిని మెట్రిక్ అంటారు. పాఠాలు ముగిసిన రోజున మెట్రిక్ పిల్లలు ఒకరి తెల్ల చొక్కా మీద ఒకరు రంగు పెన్నులతో రాసుకుంటారు. అది ఇక్కడి ఆచారం. ఆ రోజు అందరం రాస్తూ, పాతవన్నీ తవ్వుకుంటూ, నవ్వుతూ, మధ్యమధ్య ముక్కులు చీదుకుంటూ గడిపాం. వనీతా నాయుడు నా చొక్కా కుడి చేతి మీద "గాడిద" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. నీకు గుర్తుందా, చేరిన కొత్తలో ఆ ఇంటిపేరు వినగానే మనవాళ్ళే కదా అని దానితో గడగడా తెలుగు మాట్లాడేశాను. పాపం, దానికి వచ్చిన తెలుగల్లా వాళ్ళ అవ్వ తిట్లే! ఆ అవ్వ మాత్రం నన్ను చూడగానే దగ్గరికి లాక్కుంది. "యే ఊరు పిల్లవే? మా తాత చెరకు కూలికి పడవలో ఒచ్చె. తిను, సిగ్గు పడొద్దు," అని పళ్ళెం నిండా పెట్టింది.

నా వీపంతా తాండేకా తీసుకుంది. నేనూ ఆ జూలూ అమ్మాయీ ఒకే ఏడు చేరామని నీకు రాశాను కదా. అంతకుముందు అది ఇండియన్ల పిల్లలకే ఉన్న బడి. నల్లవాళ్ళకీ ఓటు వచ్చి, కొత్త ప్రభుత్వం ఏర్పడ్డాకే తనలాంటి వాళ్ళని చేర్చుకున్నారు. మమ్మల్నిద్దరినీ ఎవరూ పక్కన కూర్చోనివ్వక చివరి బెంచీకి చేరాం. తరవాత ఐదు భాషలు కలిపిన కొత్త జాతీయ గీతం వచ్చినప్పుడు మాత్రం సరదా అయింది. తాండేకాకి ఇక్కడి తెల్లవాళ్ళ ఆఫ్రికాన్స్ ముక్క రాదు, వనీతాకి జూలూ ముక్క రాదు, నాకు రెండూ రావు. ముగ్గురం చెట్టు కింద కూర్చుని ఒకరికొకరు నేర్పుకున్నాం. ఆ కథంతా తాండేకా నా వీపు మీద రాసి, కింద "ఇండియాకి క్షేమంగా వెళ్ళు" అని పెట్టింది.

ఇంటికొచ్చి చొక్కాని వరండాలో హ్యాంగరుకి తగిలించాను. ఆ సాయంత్రం పక్క తోటలో కోతకి ముందు ఆకులు పోవాలని చెరకు తగలబెట్టారు. మసి వచ్చి ఇల్లంతా రాలింది. అమ్మ సంగతి తెలుసుగా, చెరకు మసి మీద యుద్ధమే. బట్టలన్నీ లోపలికి లాగి, నా చొక్కాని బ్లీచింగ్ నీళ్ళలో నానబెట్టి ఉతికేసింది! పొద్దున లేచి చూస్తే మల్లెపువ్వులా ఉంది. అక్కడక్కడా నీలం మరకలు తప్ప ఒక్క అక్షరం లేదు. నేను పెట్టిన కేకలకి నాన్న గడ్డం గీసుకుంటూ పరుగెత్తుకొచ్చారు.

అమ్మ కొయ్యబారిపోయింది. "మొదటేడు నీ సంచీ మీద పిచ్చి రాతలు రాసి ఏడిపించారు కదే! మళ్ళీ ఎవరో అలాగే చేశారనుకున్నాను. నువ్వు చూసుకుని బాధపడతావని ఉతికేశానే," అంది. ఇంకేం తిట్టను? ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

సోమవారం లెక్కల పరీక్షకి ఆ చొక్కానే వేసుకెళ్ళాను. పరీక్ష అయ్యాక అందరూ పడీ పడీ నవ్వి, మళ్ళీ రాశారు. వనీతా ఈసారి రెండు తిట్లు రాసింది. తాండేకా మాత్రం పెన్ను పుచ్చుకోలేదు.

"ఒకసారి వీడ్కోలు చెప్పాను. రెండోసారి చెప్పలేను," అంది. ఆ తరవాత, "నీకు వెళ్ళాలని ఉందా?" అని అడిగింది.

అక్కా, ఆ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మెట్రిక్ అవగానే కాకినాడ పంపుతానని నాన్న ఎప్పుడో నిర్ణయించారు. నువ్వు ఎప్పుడొస్తావనే అడిగావు. నేనూ వెళ్ళిపోతున్నానని బడంతా చెప్పుకు తిరిగాను. అప్పట్నుంచి కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తోచదు. జీవశాస్త్రం పుస్తకం తెరిచి ఒకే పేజీ చదువుతున్నాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతావేమే అని అమ్మ కసురుతోంది. మొదట్లో నీ కోసం ఎంత ఏడ్చానో నీకు తెలుసు. ఇప్పుడు ఈ ఊరు వదలాలంటే ఏడుపొస్తోంది. రెండూ నిజమే.

ఇంకా నాన్నకి చెప్పలేదు. ముందు నీకే చెబుతున్నాను. నేను రావడం లేదక్కా. వనీతా, తాండేకా డర్బన్లో కాలేజీలో చేరుతున్నారు, నేనూ వాళ్ళతో పాటు అక్కడే చదువుకుంటాను. నాన్న నీ మాట వింటారు, నువ్వొకసారి రాయి. కోపం తగ్గాకే రాయి, కానీ రాయడం మాత్రం మానకు.

పెద్దనాన్నకి, పెద్దమ్మకి నా నమస్కారాలు. పరీక్షలు బాగా రాయాలని దీవించమను. చొక్కా వీపు ఇంకా తెల్లగానే ఉంది, తాండేకా రాయనే లేదు.

కిటికీ పక్క మంచం నువ్వే తీసుకో అక్కా. నీకు దగ్గు కదా, అక్కడ గాలి బాగా వస్తుంది.

నీ
పద్మ