డాక్టరును నేనడిగిన మాట

మంగళవారం, కోసాడ్

ఈ మనిషితో ఎలా వేగాలో తెలియడం లేదు. కడోదరా రోడ్డు మీద టెంపో గుద్ది మా ఆయన తుంటి ఎముకలు విరిగినప్పుడే మూత్రనాళం కూడా తెగిపోయిందని డాక్టరు మొదట్లోనే చెప్పాడు. పొట్టలోంచి పైపు వేసి మూత్రం సంచి తగిలించారు. మూడు నెలలు ఆగి, లోపలి గాయం మానాక, ఆపరేషన్ చేసి నాళాన్ని అతుకుతామన్నారు. అయినా తను పనిచేసే నేత లూమ్ దగ్గర ఎవరో చెప్పారట, దుర్బీన్ గొట్టం లోపలికి దూర్చి నాళాన్ని ఇప్పుడే తెరవమని ఈయన ఇవాళ ఆస్పత్రిలో మొండికేశాడు.

"అలా తెరిస్తే మళ్ళీ మూసుకుపోతుంది" అని డాక్టరు ఓపికగా హిందీలో చెప్పాడు. ఇంకేమైనా అడగాలా అన్నాడు.

ఈయన తల అడ్డంగా ఊపాడు. రోజూ లోపల్లోపల కుమిలే మనిషికి అడగాల్సింది ఏమీ లేదట! నాకు చిర్రెత్తుకొచ్చింది. మేం మళ్ళీ ఆలుమగల్లా ఉండగలమా అని సిగ్గు చంపుకుని నేనే అడిగాను. జవాబు వినకుండానే ఈయన సంచి పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"నా ఇజ్జత్ తీసినవ్" అని ఇంటికొచ్చాక అరిచాడు.

"నువ్వడుగవు, నన్ను అడగనియ్యవు. మరెవరడగాలె?" అని నేనూ అరిచాను.

అన్నం తింటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఇంతకీ ఏమన్నడే డాక్టర్?"

"నరాలకు దెబ్బ తగిలిందట. జర టైం పడ్తదట. గోలీలున్నయట. పక్కా అని మాత్రం చెప్పలేనన్నడు. ఈసారి నువ్వే అడుగు."

"నువ్వొస్తవ్ గదా" అన్నాడు.

ఏం చెయ్యను ఈ మనిషిని...