నాయన టీకి వెళ్లాక పట్టిన గాలి

కదిరి, బుధవారం, మార్చి 2003

రేపు చెనిక్కాయల లోడు ఉంది. అందుకని ఈ రోజు నాయనా నేనూ లారీ వెనక చక్రాలు విప్పి, లోపలివి బయటికి, బయటివి లోపలికి మార్చాం. బిగించాక ఆయన ఎప్పటిలాగే ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి, మోత విని, "అన్నీ గట్టిగుండాయి" అని టీకి వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే నేనూ ఎప్పటిలాగే దొంగచాటుగా గాలి కొలిచే గేజీ పెట్టాను. ఎడమవైపు లోపలి టైరులో గాలి సగమే ఉంది. ఆయన మనసు నొచ్చుకోకుండా గబగబా పట్టేశాను.

తిరిగొచ్చి, "ఏ టైరులో తక్కువుండె?" అన్నాడు. నేను గేజీని వీపు వెనక దాచాను.

"ఆ మోత తేడా నాకు వినపడక రెండేండ్లాయప్పా."

"మరి ఇంకా కొట్టేదెందుకు నాయనా?"

"నేను కొట్టకపోతే టీకి పోయేదెట్ల? నేను పోకపోతే నువ్వు గేజీ పెట్టేదెట్ల?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఇప్పుడు రాస్తున్నా నవ్వొస్తోంది. కానీ ఆయనకు వెనక వచ్చే బస్సు హారన్ వినపడుతుందా? రేపు స్టీరింగ్ ఎవరు పట్టాలో, ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు...