ఖాళీ బోను

నార్‌ఫోక్, మే 3

ప్రియమైన నాన్నా,

ఈ ఉత్తరంతోపాటు నలభై చిన్న తలుపులు పంపుతున్నాను. నీ పీతల బోనులకు ఒక పక్క కోసి బిగించు. చూడ్డానికి ప్లాస్టిక్కే, కానీ పెట్రోలుతో చేసింది కాదు. మొక్కల నూనె తిని బతికే సూక్ష్మజీవుల ఒంట్లోంచి తీసింది. రోజూ పైకి లాగే బోనుకు ఎండ తగులుతుంది కాబట్టి ఏమీ కాదు. తాడు తెగి అడుగున పడిపోతే మాత్రం నీళ్లలోని జీవులు తలుపును తినేస్తాయి, లోపలివి బయటపడతాయి.

"తలుపు ఊడిపోయే బోను ఎవడిక్కావాలే పిచ్చిదానా!" అంటావని తెలుసు. అను.

నా పదమూడో ఏట మనం లాగిన, ఎవరో పోగొట్టుకున్న ఆ పాత బోను గుర్తుందా? నిండా పీతల డొల్లలు, ఊపిరాడక చచ్చిన మూడు తాబేళ్లు. నేను ఏడిస్తే "పీతలు పట్టేవాడి కూతురివి, ముక్కు తుడుచుకో" అన్నావు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది. పడవ దిగి చదువుకు పోయానని పడవ మీద నా పేరు గీకేశావు చూడు, అది ఇంకా ఎక్కువ నొప్పి. మన దీవిలో అందరి పడవల మీదా కూతుళ్ల పేర్లున్నాయి, మనదాని మీద గీతలున్నాయి.

అక్కడ అందరూ నీ మాటే వింటారు. నువ్వు పనికిరావంటే ఇవి ఎవరూ ముట్టరు, నా నాలుగేళ్ల కష్టం బుట్టదాఖలే.

నీ
లోర్నా

---

జనవరి 19

లోర్నా తల్లీ,

ముందు తప్పు ఒప్పుకోనీ. నీ తలుపులన్నీ బిగించాను, వాటి మీద అడ్డంగా ఇనప తీగ కూడా చుట్టాను. పట్టిన పీతను వదలడం మా చేతులకు రాదే. నలభయ్యోదాని దగ్గర తీగ అయిపోయింది, బద్ధకమేసి వదిలేశాను. జూన్ గాలివానకు రెండు బోనులు పోయాయి. మిగతావి నవంబరు దాకా లాగాను, తీగల సందులోంచి చూస్తే ఒక్క తలుపూ చెక్కుచెదరలేదు.

మొన్న నేనూ, నాతోపాటు పీతలు పట్టే హార్లన్ కూడా పోయిన బోనుల కోసం కొక్కేలు వేసి అడుగంతా వెతికాం. మొదటిది దొరికింది. తలుపు లేదు, నా తీగ ఉంది. లోపల చచ్చిన పీతలు, ఒక తాబేలు. రెండోది తీగ చుట్టనిది. తలుపూ లేదు, ఒక్క పీతా లేదు. నేను డెక్కు మీద గెంతులేశాను.

"ఖాళీ బోను చూసి గంతులేంటి ముసలాడా, మతి పోయిందా?" అన్నాడు హార్లన్.

"మా అమ్మాయి చేసింది రా ఇది! మా లోర్నా!" అని అరిచాను. పక్క పడవలవాళ్లు కూడా తిరిగి చూశారు.

వాడు రెండు బోనులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "నాకో రెండు వందల తలుపులు పంపమని చెప్పు" అన్నాడు. నిన్న చర్చి దగ్గర ఇంకో తొమ్మిదిమంది అడిగారు. తీగలన్నీ కోసి పారేశాను.

ఆ తాబేలును చూసి ఏడ్చాను తల్లీ. ముక్కు తుడుచుకోలేదు.

పడవకు రంగు వేసి నీ పేరు నేనే రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. వచ్చి చూసి తిట్టు.

నీ నాన్న,
ఎల్బర్ట్