దిగు అనే మాట

అక్కా,

ఒడ్డెక్కాం. ఓడ దిగామని ఎందుకు రాయలేదో చెబుతాను.

"ఇలాంటి పిల్లతో సముద్రమెందుకే" అన్నావుగా. చిన్న చప్పుడుకే చెవులు మూసుకునే పాప, ఓడలో ఐదు రోజులూ ఒక్కసారి కూడా మూసుకోలేదు. నేల మెల్లగా ఊగుతుంటే గది గోడకి చెంప ఆనించి, తనలో తనే నవ్వుకుంటూ కూర్చునేది. ఈ తొమ్మిదేళ్లలో దాన్నంత నెమ్మదిగా నేనెప్పుడూ చూడలేదు.

చివరి రోజు పొద్దున, అందరూ వెళ్లిపోయాక, ఓడ నుంచి ఒడ్డుకి వేసిన వంతెన దగ్గర "దిగుదామా" అన్నాను. నా నోరు పడ! పార్కులో ఉయ్యాల ఆపినప్పుడల్లా నేననే మాట అదే కదా. పాప కమ్మీ పట్టుకుని కూలబడి ఒకటే ఏడుపు. మా గది సర్దే ఆయన సంచులు కింద పెట్టి, "తొందరేం లేదమ్మా, ఓడ ఎక్కడికీ పోదు" అన్నాడు.

అప్పుడు తట్టింది. దాని పక్కనే కూర్చుని ఒడ్డు చూపించి, "అది ఎక్కుదామా?" అన్నాను. చాలాసేపు చూసింది. లేచి నా వేలు పట్టుకుంది.

కాలు పెట్టగానే ఒడ్డు నిజంగానే ఊగిందక్కా. నీళ్ల మీద నుంచి వస్తే అలాగే ఉంటుందట. మాటల్లో పిసినారి మన పాప, "ఊగుతోంది" అంది. ఇది రాస్తుంటే నాకింకా బల్ల ఊగుతూనే ఉంది.

ఆదివారం మీ ఇంటికి వస్తున్నాం. కారు తలుపు తీసి "దిగమ్మా" అనకు, "ఇల్లెక్కుదాం రా" అను. బావగారు నవ్వితే నవ్వనీ. అంతగా ఏదైనా దించాలనిపిస్తే, "ఇలాంటి పిల్ల" అన్న ఆ మాటని గేటు బయటే దించెయ్.

నీ చెల్లి