కేక కోసం ఆగాను

మార్చి 2

అల్లుడు సైట్ పని మీద వెళ్తూ అమ్మాయిని నా దగ్గర దింపాడు. నెలలు నిండాయి, జాగ్రత్త అత్తయ్యా అంటాడు. ముగ్గురిని కన్నదాన్ని, నాకే పాఠాలు! మూడు కానుపులకీ నా అరుపులకు వీధంతా లేచి కూర్చుంది. నొప్పులంటే అవీ. నర్సు నొప్పికీ నొప్పికీ మధ్య టైమ్ చూసుకోమని చెప్పిందట. నొప్పి సంగతి గడియారానికేం తెలుసు అన్నాను. అమ్మాయి నవ్వి ఊరుకుంది.

మార్చి 5, ఉదయం

నడుము లాగుతోందట. నవ్వుతూనే చెప్పింది. నవ్వగలిగితే అవి నొప్పులే కావు. ఉమ్మనీరు కూడా పోలేదు. తొలి కానుపు, రేపటిదాకా తేలదు అన్నాను. అనవసరంగా బట్టల షాపుకి సెలవు పెట్టాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఇస్త్రీ చేస్తోంది. దిండు గలేబులు కూడా వదలడం లేదు. మధ్యమధ్య ఆగి, బల్ల అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటోంది. పలకరించినా పలకదు. చిన్నప్పుడు తలుపు సందులో వేలు నలిగినా కిక్కురుమనని పిల్ల.

అమ్మా, వెళ్దామా అని అడిగింది. ఇంత నెమ్మదిగా అడిగేదానివి ఇప్పుడేం కంటావే, కేక పెట్టినప్పుడు చూద్దాం అన్నాను. ఇప్పుడే వెళ్తే వెనక్కి పంపేస్తారు, నవ్వులపాలవుతాం అని కూడా అన్నాను. సరేనని మళ్ళీ ఇస్త్రీపెట్టె అందుకుంది.

మార్చి 6

పాప మెట్ల మీద పుట్టింది. మా మెట్ల మీద.

మార్చి 7, హాస్పిటల్ వరండా

ఇప్పటికి రాయడానికి కూర్చున్నాను. మొన్న సాయంత్రం అమ్మాయి తనే చెప్పులు వేసుకుంది. అమ్మా, వచ్చేస్తోంది అంది, మంచినీళ్ళు అడిగినంత మెల్లగా. మెట్ల మలుపులో రెయిలింగ్ పట్టుకుని కూలబడింది. ఉమ్మనీరు అప్పుడు పోయింది. దాని వెనకే పాప. కింది వాటా ఆవిడ తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. పాప ఏడవలేదు. నీలంగా ఉంది. అమ్మాయి అప్పుడూ అరవలేదు. అరిచింది నేను. వీధంతా వచ్చింది.

ఇప్పుడు పాప అద్దాల పెట్టెలో ఉంది, ముక్కులో ట్యూబ్‌తో. అందరూ అరవరమ్మా, కొందరు నొప్పి ముదిరేకొద్దీ నోరు బిగించేసుకుంటారు అంది డాక్టరమ్మ. ఉమ్మనీరు చాలామందికి ఆఖర్లోనే పోతుందట. మధ్యాహ్నమే తెచ్చి ఉంటే పుట్టగానే ఊపిరి అందించేవాళ్ళం అంది. తిట్టినట్టు అనలేదు, మామూలుగానే అంది.

షాపులో ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. గొంతు చించుకుని బేరమాడే మనిషి వెళ్ళిపోతుంది. బట్ట అంచు పట్టుకుని మాట్లాడకుండా నిలబడ్డ మనిషి కొంటుంది. కొత్తగా చేరిన అమ్మాయిలకు ఈ సంగతి నేర్పేది నేనే. నా కూతురు బల్ల అంచు పట్టుకుని నిలబడితే నాకు ఏమీ తట్టలేదు.

మార్చి 8

అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

మార్చి 10

ట్యూబ్ తీసేశారు. పాప ఏడ్చింది, పిల్లి కూన గొంతుతో. కబురందగానే వచ్చిన అల్లుడు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నాతో ఇంకా మాట్లాడడం లేదు. మాట్లాడమని అడిగే మొహం నాకూ లేదు.

అమ్మాయికి తల దువ్వుతూ, తప్పయిపోయిందే అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఒక్క కేక పెట్టి ఉంటే కదిలేదాన్ని కదే అని కూడా అన్నాను.

అడిగాను కదమ్మా అంది.

మార్చి 19, ఇంట్లో

గదిలో చప్పుడు లేదు. పాలగిన్నె వదిలేసి పరుగెత్తాను. తల్లీబిడ్డా నిద్రపోతున్నారు. గుమ్మంలో కూర్చుని ఇద్దరి ఊపిరీ వింటున్నాను.