కాగితం పుట్టినరోజు

జూన్ 2
ఇది రాయకూడదనే అనుకున్నాను. కానీ ఎవరికి చెప్పినా ముందు నవ్వుతున్నారు, తర్వాత జాలిపడుతున్నారు. కాగితం ఆ రెండూ చేయదు.

లైసెన్సు పోయింది. పారేసుకోలేదు — గడువు దాటింది. ఇక్కడ వాషింగ్టన్ రాష్ట్రంలో కైరోప్రాక్టర్‌కి, అంటే చేత్తోనే వెన్నుపూసలు సరిచేసే నాలాంటి వాడికి, లైసెన్సు ఏటా పుట్టినరోజుతో ముగుస్తుంది. అక్టోబరు వరకు సమయముందని ధీమాగా కూర్చున్నాను. అమ్మ నన్ను కన్నది అక్టోబరులోనే మరి! ఒకటో తరగతిలో చేర్చుకున్న మేష్టారు మాత్రం జూన్ ఒకటి అని రాసేశారు. బడి తెరిచే నెల, ఆయనకి సులువు. పాస్‌పోర్టు, లైసెన్సు అన్నీ ఆయన మాటే విన్నాయి. ఇన్నేళ్ళూ క్లినిక్‌లో రిసెప్షనిస్టు లిండా గుర్తుపెట్టుకుని రెన్యూ చేయించేది. మొన్న చలికాలంలో రిటైరైంది. మా ఇంటి కేలండర్ అమ్మ పక్షం.

క్లినిక్ డాక్టర్ మేగన్‌ది. అందులో నాకొక గది, ఒక టేబుల్. పొద్దున తలుపు దగ్గరే ఆపింది. "రావ్, ఇవాళ్టి నుంచి ఎవరి మీదా చెయ్యి వేయకూడదు." నెలాఖరు వరకు గది నాకోసం అట్టేపెడుతుందట. ఆపైన కొత్తగా పాసైన అమ్మాయికి.

జూన్ 3
రెన్యూ కావాలంటే ఏటా ఇన్ని గంటల పాఠాలు వినాలి. వాటిని సెప్టెంబరుకి దాచుకున్నాను... ఇప్పుడు వెనక గదిలో, లాప్‌టాప్ ముందు బందీని. వీడియో ముందుకు తోయడానికి లేదు. మధ్యమధ్య ఆగి "ఉన్నారా?" అని అడుగుతుంది. బటన్ నొక్కాలి. బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి మొదటికి వచ్చింది. ఉన్నాను తల్లీ. ఎక్కడికి పోతాను.

జూన్ 7
పాఠం: నడుము. నిద్ర.

అసలు ఈ వృత్తిలోకి ఎలా వచ్చానంటే — కంపెనీ ఉద్యోగం ఊడింది, అదే వారం నడుం పట్టేసింది. నన్ను లేపి నిలబెట్టినాయన చేతులు చూసి మోజుపడ్డాను. మా ఊరు బాతెల్ లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా మొదలుపెట్టాను. హాలోవీన్ దయ్యాల పండగ అయ్యాక అమ్మేస్తుంటే ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం కొన్నాను. దాని మెడలో ఆరే పూసలు! పుస్తకంలో ఏడు. కొన్నాళ్ళు పుస్తకాన్నే అనుమానించాను.

తర్వాత కాలేజీ, నా పిల్లల ఈడువాళ్ళ పక్కన. జాతీయ బోర్డు పరీక్షలు భాగాలు భాగాలు... చివరిదానిలో రోగుల్లా మూలగడానికి మనుషుల్ని పెడతారు. ఒకాయన ఎంత బాగా మూలిగాడంటే, పరీక్ష మర్చిపోయి మంచినీళ్ళు కావాలా అని అడిగాను. ఆ పైన ఈ రాష్ట్రం చట్టాల మీద ఒక పరీక్ష. లైసెన్సు ఎప్పుడు ముగుస్తుంది? పుట్టినరోజున. మార్కు వచ్చింది కూడా.

జూన్ 14
మా ఆవిడ సుశీల తమ్ముడు మురళి వచ్చాడు. మెడ పట్టేసింది. పక్కకి చూడాలంటే తలుపులా మొత్తం తిరుగుతున్నాడు.

"బావగారూ, ఒక్కసారి టక్‌మనిపించండి."
"లైసెన్సు లేదోయ్."
"మా ఊరి మంగలి ఏ లైసెన్సుతో విరిచాడండీ?"

సుశీల వంటింట్లోంచి — "ఇంట్లో మనిషే కదండీ, ఎవరు చూడొచ్చారు? నేను లైసెన్సు ఉండే వండుతున్నానా!"

చూడక్కర్లేదు. మురళి చెప్తాడు. పోయినేడు వాడి మడమ చూస్తే, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపంతా మా ఇంటి అడ్రస్ అడిగింది. గడువు దాటాక చెయ్యి వేశానని లైసెన్సులిచ్చే బోర్డుకి తెలిస్తే గది కాదు, లైసెన్సే ఉండదు.

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఎడమవైపు నాలుగో పూస దగ్గర... దూరం నుంచే తెలుస్తోంది. వేరే డాక్టర్ దగ్గరికి వెళ్ళమన్నాను. అన్నం తినకుండా వెళ్ళిపోయాడు. సుశీల మాట్లాడటం లేదు.

జూన్ 19
"ఉన్నారా?"
ఉన్నాను.

జూన్ 22
గంటలు పూర్తి. దరఖాస్తు పంపాను. సుశీల అట్టు వేసింది, మాట్లాడకుండానే. వెబ్‌సైట్‌లో నా పేరు ఎదురుగా: పెండింగ్.

జూన్ 26
పెండింగ్. ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, చివరికి ఒకావిడ పుట్టిన తేదీ అడిగింది. తడుముకోకుండా మేష్టారి తేదీ చెప్పాను. వరుసలో ఉందట, వస్తుందట.

జూన్ 30
రాలేదు. మేగన్‌ని ఇంకో వారం అడిగాను. "సారీ, రావ్. ఆ అమ్మాయికి మాటిచ్చేశాను."
తాళంచెవి ఇచ్చి వచ్చాను.

జూలై 3
పెండింగే.
మురళి ఫోన్. మెడ తిరుగుతోందట.
"ఎక్కడ చూపించావు?"
"మీరే వెళ్ళమన్నారుగా బావగారూ... మీ క్లినిక్‌లోనే. కొత్త డాక్టరమ్మ. మీ గదే." మళ్ళీ తనే, "టేబుల్ ఒకపక్క కిర్రుమంటోందండీ. ఆవిడ చికాకుపడుతోంది."
నూనె డబ్బా కింది సొరుగులో ఉందని చెప్పమన్నాను.