గుట్ట మీద, నీ కేక లేకుండా

అన్నా,

ఇది నీకు చేరదని తెలుసు. నువ్వు సముద్రం మీద చేపల వేటకెళ్ళి తిరిగిరాక ఇవాళ్టికి ఏడాది. ఇంట్లో ఉండలేక, పొద్దువాలే వేళకి స్కూటీ తీసుకుని చిల్లకూరు అవతల మనం పరుగుకెళ్ళే గుట్టకి బయలుదేరాను.

"ఒక్కదానివే ఎందుకు మే, చీకటి పడతా ఉంటే?" అంది అమ్మ.

పరిగెత్తి వస్తానని చెప్పాను.

ఇసకలో పెరిగిన కాళ్ళు మనవి. గుట్ట మీద మొదటిరోజు ఇద్దరం ఇసకలో లాగే కాలివేళ్ళు నేలలోకి గుచ్చి పరిగెత్తి, రాళ్ళకి గోళ్ళు ఊడగొట్టుకున్నాం. అప్పట్నుంచి నువ్వు ముందు పరిగెత్తుతూ, పడవ ముందు కూర్చుని దారి చూసేవాడిలా "రాయి!" అని కేకేసేవాడివి. వెనక నేను "చూసినా!" అని బదులియ్యాలి. ఇవ్వకపోతే అక్కడే ఆగి, నేను వచ్చేదాకా కదిలేవాడివి కాదు.

ఇవాళ చెట్ల మధ్యకి వచ్చేసరికే మసకబడింది. నా బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మనం ఎప్పుడూ తడబడే ఆ చీలిన బండ దగ్గర, ఎవరూ కేకెయ్యకుండానే, నా నోటి నుంచి "చూసినా అన్నా!" అని వచ్చేసింది.

నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది, బదులియ్యకపోతేనే కదా నువ్వు ఆగేది.

తర్వాతి బండ దగ్గర ఏమీ అనలేదు. పూర్తిగా చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను.